ఎదురు కత్తి

నాటకాలు నేర్చుకుంటామని ఈ మధ్య కొందరు పిల్లలు గద్వాలలో మా ఇంటికి వస్తున్నారు. వచ్చి కూర్చోగానే అడిగే ప్రశ్న ఒకటే. "తాతా, నువ్వు రాజు వేషం ఎన్నిసార్లు కట్టినవ్?" ఒక్కసారి కూడా కట్టలేదని చెబుతాను. వాళ్ల మొహాల్లో కళ తగ్గుతుంది. మరి ఏం వేషం కట్టావని అడుగుతారు. చచ్చే వేషం అంటాను. ఆ తర్వాత చాయ్ అయిపోయేదాకా మర్యాదకు కూర్చుని, ఏదో పని ఉందని లేచిపోతారు.

అలా లేచిపోయిన వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా చారిత్రక నాటకంలో శత్రు సేనాపతిగా కత్తి పట్టాను. పట్టిన ప్రతిసారీ ఓడిపోయాను. ఈ వేషాన్ని మా నాటక సమాజంలో ఎదురు కత్తి అనేవాళ్లు. రాజు కత్తికి ఎదురుగా ఏదో ఒక కత్తి ఉండాలి కదా, అది నాది. సన్మానాల సంగతి రాయను. నాకు కప్పిన శాలువాలు రెండు. ఆ రెండూ మా గద్వాల మగ్గాల మీద నేసినవి కావు కాబట్టి వాటి గురించి గొప్పగా చెప్పడానికి మనసు ఒప్పదు.

పడటం వచ్చినవాడు

మాది నేత ఇల్లు. పొద్దంతా మగ్గం గుంతలో కాళ్లు దించుకుని చీర నేసేవాణ్ణి. సాయంత్రం మా వీధి చివర భజన గదిలో నాటకం రిహార్సలు జరిగేది. అక్కడికి పోయి తలుపు దగ్గర నిలబడి చూసేవాణ్ణి. సమాజంలో సగం మంది మా నేతగాళ్లే కాబట్టి నన్ను ఎవరూ పొమ్మనలేదు. రమ్మని కూడా అనలేదు.

ఒకరోజు శత్రు సేనాపతి వేషం కట్టే మనిషి పెళ్లి చేసుకుని ఇల్లరికం వెళ్లిపోయాడు. కత్తియుద్ధం సీను ఆగిపోయింది. సమాజాన్ని నడిపే హార్మోనియం మాస్టరు చుట్టూ చూసి, ఖాళీగా నిలబడ్డ నన్ను పిలిచాడు.

"ఏం పేరురా నీది?"

"ఈరన్న."

"పద్యం వస్తదా?"

"రాదు."

"మాటలు?"

"నేర్చుకుంట."

"సరే, ముందుగాల పడు. ఎట్ల పడ్తవో చూస్త."

పడ్డాను. కింద పరిచిన చెక్కల్లో ఒకటి విరిగింది. మాస్టరు ఆ చెక్క వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "వీనికి పడుడు వస్తది. మిగిలింది మనం నేర్పుకోవచ్చు" అన్నాడు. ఆ మిగిలింది ఎవరూ నేర్పలేదు.

మా దగ్గర ఉన్నది ఒకటే పెద్ద నాటకం, రెండు కోటల మధ్య వైరం. ఒక కోటకు రాజు, ఇంకో కోటకు సేనాపతి. రాజు పెళ్లి, రాజు కష్టాలు, రాజు పద్యాలు అన్నీ అయ్యాక నేను వచ్చి ద్రోహం చేస్తాను, కత్తి దూస్తాను, పొడిపించుకుంటాను. ఈ కోటలు ఎక్కడివి, ఈ యుద్ధం ఎప్పుడు జరిగిందని మాస్టరును అడిగితే, "జరిగిందనుకో, నీకేం పోయింది" అనేవాడు. నాటకం ఆయనే రాసుకున్నాడు.

రాజు వేషం శేషన్నది. వనపర్తి దారిలో ఒక పల్లెలో మెట్ట చేను చేసుకునే రైతు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. ఆరడుగుల మనిషి, గొంతు విప్పితే మైకు వాడు వైరు పీకి పక్కన కూర్చునేవాడు. వేరుశనగ చేనులో కలుపు తీయించి, సైకిలెక్కి రిహార్సలుకు వచ్చేవాడు. కిరీటం పెట్టుకున్నాక మాత్రం ఎవరితోనూ మామూలుగా మాట్లాడేవాడు కాదు. ఒకసారి పరదా వెనక దాహమై నీళ్లు అడగడానికి కూడా పద్యం ఎత్తుకున్నంత పని చేశాడు. మేం నవ్వుకునేవాళ్లం కానీ ఆయన ముందు నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

కొత్తవాళ్లకు ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా పల్లెల్లో పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అంటారు, రాజు మళ్లీ పాడతాడు. అంతవరకు అందరికీ తెలుసు. మా దగ్గర యుద్ధం నచ్చినా వన్స్‌మోర్ అంటారు. అప్పుడు చచ్చినవాడు లేవాలి. లేచి, తలపాగా సర్దుకుని, మళ్లీ అదే ద్రోహపు మాట అని, మళ్లీ చావాలి. మొదటి చావు తేలిక. రెండోదే కష్టం. రాజు ఎక్కడ పొడిచాడో జనం గుర్తు పెట్టుకుంటారు. చెయ్యి కాస్త కిందకు పెట్టుకుంటే చాలు, ముందు వరసలో ముసలమ్మ ఎవరో, "గుండెల కదరా పొడిసింది, కడుపు పట్టుకున్నవేంది" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే వీలు చచ్చినవాడికి ఉండదు.

పాము కరిచిన సేనాపతి

అమరచింత దగ్గర ఒక పల్లెలో నాటకం ఒప్పుకున్నాం. మధ్యాహ్నం భోజనాలు చేసి కూర్చుంటే నలుగురు పెద్దమనుషులు వచ్చారు. వాళ్లలో పెద్దాయన మాస్టరు ముందు నిలబడి, "మీ నాటకంల సచ్చే సేనాపతి మా వంశంల పెద్దాయన. మా చేన్ల ఆయన రాయి ఉన్నది. దసరాకు కొబ్బరికాయ కొడ్తం" అన్నాడు.

మాస్టరు తెల్లబోయాడు. సేనాపతి పేరు ఆయన నోటికి వచ్చింది పెట్టుకున్నాడు. ఆ పేరుతో నిజంగా ఒక మనిషి ఉండి, చచ్చి, రాయి కూడా పాతించుకున్నాడని ఆయనకెలా తెలుస్తుంది.

"మా ఊర్లకొచ్చి మా పెద్దాయననే సంపుతే మేమెట్ల సూస్తం? జర ఆలోచన చేయుండ్రి" అన్నారు వాళ్లు.

"అయితే ఏంది, నన్ను సావమంటరా?" అన్నాడు శేషన్న. "రాజు సచ్చేది ఉండదు. నాటకం బందు పెట్టుండ్రి, ఇంటికి పోత."

ఇద్దరూ చావకుండా చివరికి కౌగిలించుకుంటారని మాస్టరు ఒక దారి చెప్పాడు. పెద్దమనుషులు ఒప్పుకున్నారు గానీ వెనకాల నిలబడ్డ వయసు పిల్లలు ఒప్పుకోలేదు. "సచ్చుడు లేకుంటే నాటకమేంది? ఊకె కావలించుకునేది సూడనీకె వస్తమా?" అన్నారు. సాయంత్రం దాకా చర్చ నడిచింది. ఆఖరికి మాస్టరుకు పాము ఉపాయం తట్టింది.

ఆ రోజు యుద్ధంలో నేను గెలుస్తూ ఉండగా పాము కరిచి చనిపోయాను. పాము అంటే నల్లరంగు పూసిన చేంతాడు, పరదా వెనక నుంచి లాగారు. శేషన్న నా శవం పక్కన నిలబడి నా వీరత్వం మీద పద్యం పాడాడు. పెద్దమనుషులు కండువాలతో కళ్లు తుడుచుకున్నారు. రాజు నన్ను మెచ్చుకున్నది నా జీవితంలో ఆ ఒక్కసారే. జనం వన్స్‌మోర్ అన్నారు. ఈలోగా తాడు ఎక్కడో చిక్కుకుంది, రాలేదు. రెండోసారి పాము లేకుండానే పాము కరిచి చచ్చాను.

అప్పటి నుంచి ఏ ఊరికి పోయినా ముందు రోజే ఒకరు వెళ్లి, ఈ ఊరివాళ్లది ఏ కోట, ఎవరి రాయికి కొబ్బరికాయ కొడతారు అని కనుక్కుని వచ్చేవాళ్లు. మీరూ కనుక్కోండి. నాటకం కల్పితమని మీరు ఎంత చెప్పినా ఊరు నమ్మదు. నమ్మకపోవడమే మంచిది కూడా, నమ్మితే ఎవరు వస్తారు చూడటానికి.

జపాను మనిషి

ఎనభైల్లో మా దగ్గర వీడియో హాళ్లు వచ్చాయి. ఒక రేకుల గది, బెంచీలు, ఎదురుగా టీవీ. ఒక ఆదివారం అక్కడ జపాను కత్తియుద్ధం సినిమా వేశారు. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక వీరుడు పొడుగాటి కత్తితో కనపడినవాణ్ణల్లా నరుకుతూ పోతున్నాడు. అందరూ ఆ వీరుణ్ణి చూశారు. నేను నరికించుకునేవాళ్లను చూశాను.

వాళ్లలో ఒకడు సన్నటి మనిషి, మొదటి యుద్ధంలోనే పడిపోయాడు. కాసేపటికి మీసం పెట్టుకుని వచ్చి మళ్లీ పడిపోయాడు. చివర్లో మొహానికి గుడ్డ కట్టుకుని వచ్చాడు. గుడ్డ కట్టుకున్నా నేను గుర్తుపట్టాను, పడే తీరులో తెలిసిపోతుంది. కత్తి తగిలాక ఆ మనిషి వెంటనే పడడు. ఒక క్షణం నిలబడతాడు, తనకేం జరిగిందో తనకే అర్థం కానట్టు. తర్వాత చేతులు ఆనించకుండా వెనక్కి ఒరుగుతాడు. ఆ వీరుడికి ఏమీ రాదు, ఊరికే కత్తి తిప్పుతున్నాడు. ఎదుటివాళ్లు బాగా చావడం వల్ల ఆయన గొప్పవాడు అవుతున్నాడు. ప్రపంచంలో నా పని చేసేవాడు ఇంకొకడు ఉన్నాడని ఆ రోజు తెలిసింది. చాలా సంతోషమైంది.

నెల రోజులు ఇంట్లో బొంత పరుచుకుని వెనక్కి పడటం నేర్చుకున్నాను. మా అమ్మ నాకు మూర్ఛ వచ్చిందనుకుని తాయెత్తు కట్టించింది. ఆ తర్వాత మా నాటకంలో వన్స్‌మోర్లు పెరిగాయి. మెప్పంతా శేషన్నకు పోయింది. "శేషన్న కత్తి తగిల్తే మనిషి నిలబడ్డ సోటనే సస్తడు" అని ఊళ్లలో చెప్పుకున్నారు. కోపం రాలేదని అనను. కానీ పని సరిగ్గా జరిగితే మన పేరు బయటకు రాదు, ఈ వేషం స్వభావమే అది. ఇష్టం లేనివాళ్లు పద్యం నేర్చుకోండి.

గజ్జెలు

శేషన్న చూపు ఎప్పుడు తగ్గిందో సరిగ్గా చెప్పలేను. ముందు పరదా తాడు కాలికి తట్టుకుని తూలాడు. తర్వాత ఒకసారి నా భుజానికి తాకాల్సిన కత్తి చెవి పక్కనుంచి పోయింది. ఆయనది రేకుతో చేయించిన బరువైన కత్తి. మొద్దుదే అయినా తగిలితే బొక్క విరుగుతుంది. పరదా వెనకకు పోయాక, "ఏందన్నా గిట్ల చేసినవ్?" అన్నాను. "కండ్లల్ల దుమ్ము పడ్డది" అన్నాడు. మరుసటి నాటకంలో కూడా దుమ్ము పడింది. ఆ ఏడాదంతా దుమ్ము పడుతూనే ఉంది.

ఒకరోజు వనపర్తి బస్టాండులో ఎదురుగా నిలబడితే నన్ను గుర్తుపట్టలేదు. నేను మాట్లాడాకే మొహంలో నవ్వు వచ్చింది. అప్పుడు అర్థమైంది. స్టేజీ మీద ఆయన నన్ను చూసి కత్తి తిప్పడం లేదు, నా మాట విని తిప్పుతున్నాడు. మాట ఆగినప్పుడు గాలికి వదిలేస్తున్నాడు.

తెలిసిన మాట మాస్టరుకు చెప్పవచ్చు. చెబితే శేషన్నకు రాజు వేషం పోతుంది. నేను ఎవరికీ చెప్పకుండా సంతలో ఒక జత గజ్జెలు కొనుక్కొచ్చాను. మరుసటి నాటకానికి కుడికాలికి గుత్తంగా కట్టుకుని స్టేజీ ఎక్కాను. కత్తి దెబ్బకు ముందు కాలు గట్టిగా ఆనిస్తాను, గజ్జె మోగుతుంది, ఆయన అటు తిరిగి కొడతాడు. రిహార్సలు లేదు, మాట లేదు. మొదటి రోజే కుదిరింది.

"సేనాపతికి గజ్జెలేందిరా, డాన్సు చేయనీకె పోతున్నవా?" అని మాస్టరు గద్దించాడు. ద్రోహి వస్తున్నాడని జనానికి ముందే తెలియాలి కదా అని ఏదో చెప్పాను. శేషన్న అద్దం ముందు కూర్చుని మీసం అతికించుకుంటున్నాడు. అటు తిరగకుండానే, "గజ్జెలు మంచిగున్నయి. తియ్యకు" అన్నాడు. మా ఇద్దరి మధ్య ఆ విషయం మీద జరిగిన మాట అదొక్కటే.

జనానికి కూడా అవి నచ్చాయి. గజ్జె మోగితే పిల్లలు భయపడి తల్లుల వెనక దాక్కునేవాళ్లు. పక్క సమాజాల్లో ఎదురు కత్తులు కూడా గజ్జెలు కట్టడం మొదలుపెట్టారు. ఈ మధ్య ఒక ఊళ్లో నాటకానికి పిలిస్తే పోయాను. అక్కడి సేనాపతి కాలికి గజ్జెలున్నాయి. ఎందుకు కట్టావని అడిగాను. ఇది మన పాలమూరు సంప్రదాయం, తాతల కాలం నుంచి ఉన్నదని నాకే వివరంగా చెప్పాడు.

రాజుకు అద్దాలు

శేషన్న భార్య నర్సమ్మ వదిన. ఇంట్లో ఆయన చెంబు కోసం తడుముకోవడం ఆమె చూస్తూనే ఉంది. నాగర్‌కర్నూల్‌లో కంటి క్యాంపు పెట్టారని విని పట్టుబట్టి బయలుదేరదీసింది. తోడుగా నేనూ పోయాను.

డాక్టరు లైటు వేసి రెండు కళ్లూ చూశాడు. రెండింటికీ మోతిబిందు, అంటే శుక్లం, ముదిరిందని, వెంటనే ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని, ఆ తర్వాత మందం అద్దాలు పెట్టుకోవాలని చెప్పాడు. ఆ రోజుల్లో ఆపరేషన్ అంటే అంతే, సోడాబుడ్డి అద్దాలు తప్పవు.

"పని ఉన్నప్పుడు అద్దాలు తీయొచ్చునా సారూ?" అన్నాడు శేషన్న.

"తీస్తే ఏదీ సరిగ్గా కనపడదు."

"ఎప్పటికా?"

"ఎప్పటికీ అంతే."

"రాజులు అద్దాలు పెట్టుకుంటరా?"

డాక్టరు కాగితం మీద నుంచి తలెత్తి, "ఏ రాజులు?" అన్నాడు. శేషన్న లేచి బయటకు వచ్చేశాడు. మేం వెనకాల నడిచాం.

బస్టాండులో ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. వదిన నన్ను నల్లా దగ్గరికి పిలిచింది. ఆమె ఎప్పుడూ నాతో అన్ని మాటలు మాట్లాడలేదు.

"ఈరన్నా, నేను చెప్తే ఇనడు. నువ్వు చెప్తే ఇంటడు. కండ్లు బాగ చేయించుకునేదాక నీతోని కత్తి పట్టనని చెప్పు. నువ్వు నిలబడకుంటే ఆయన రాజెట్లయితడు? గంతే, ఒక్కమాట చెప్పు."

"సరే వదినె, చెప్త" అన్నాను.

చెప్పలేదు. ఆ రోజు బస్సులో చెప్పవచ్చు, పక్కనే కూర్చున్నాను. తర్వాత రిహార్సల్లో చెప్పవచ్చు. ఎన్ని రోజులు, ఎన్ని ఊళ్లు. ఆయన మనసు నొప్పించలేక చెప్పలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది పచ్చి అబద్ధం. శేషన్న రాజుగా ఉన్నంత కాలమే నేను సేనాపతిని. కొత్త రాజు వస్తే తన ఎదురు కత్తిని తాను తెచ్చుకుంటాడు. అది ఒక కారణం. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. గజ్జెల ఉపాయం చూసి నాకు నేనే మురిసిపోయాను. కళ్లు కనపడని మనిషి చేత కత్తియుద్ధం చేయిస్తున్నాను, ముందు వరసలో కూర్చున్నవాడికి కూడా తెలియడం లేదు. ఇంత పనితనం నా చేతిలో ఉందని మురిసిపోతూ రెండేళ్లు గడిపాను. వదిన ఎదురుపడితే, "చెప్తున్న వదినె, ఇంకా ఒప్పుకుంటలేడు" అనేవాణ్ణి.

కోడేరు

కోడేరు వైపు ఒక ఊళ్లో జాతర. కరెంటు నమ్మకం లేదని, పొద్దుండగానే నాటకం మొదలుపెట్టమన్నారు. మేం ఎప్పుడూ లైట్ల కింద ఆడేవాళ్లం. రెండు పక్కలా రెండు లైట్లుంటే ఆ వెలుగు మచ్చలను బట్టి శేషన్న అంచు ఎక్కడుందో పోల్చుకునేవాడు. ఆ రోజు స్టేజీ పడమటికి తిరిగి ఉంది. సాయంత్రపు ఎండ నేరుగా ఆయన కళ్లలో పడుతోంది. ఇదంతా నాకు స్టేజీ ఎక్కే ముందే తెలుసు. గజ్జెలు బిగించి కట్టుకున్నాను, అదే చాలనుకున్నాను.

యుద్ధం మొదలైంది. రెండు మూడు దెబ్బలు బాగానే పడ్డాయి. అప్పుడు పక్క బాటలో పెండ్లి ఊరేగింపు వచ్చింది. బ్యాండు వాళ్లు స్టేజీని చూసి ఇంకాస్త హుషారుగా వాయించారు. గజ్జె నాకే వినిపించలేదు. బ్యాండు డప్పును, రాజు పొడిచేటప్పుడు మావాళ్లు కొట్టే డోలు దెబ్బ అనుకుని, నేను ఒక క్షణం నిలబడి, నేర్చుకున్న తీరులో చేతులు ఆనించకుండా వెనక్కి పడి చచ్చాను.

శేషన్న ఇంకా పొడవలేదు.

ఆయన కత్తి ఎత్తుకుని నా గజ్జె కోసం చూస్తున్నాడు. అటు రెండు అడుగులు వేశాడు, ఇటు రెండు అడుగులు వేశాడు. జనంలో ఎవరో నవ్వారు. అప్పుడు ఆయన రాజు గొంతుతో, "ఎక్కడున్నావురా ద్రోహీ? నా ఎదుటికి రా" అన్నాడు. నాటకంలో ఆ మాట లేదు. అంటూ అంటూ స్టేజీ అంచు వైపు నడుస్తున్నాడు. ఇంకో అడుగు వేస్తే నాలుగడుగుల కింద రాళ్లలో పడతాడు. నాకు నాటకం గుర్తు లేదు, చచ్చిన సంగతి గుర్తు లేదు. పడుకున్న చోటు నుంచే, "అన్నా, అటు కాదు, గీడ ఉన్న నేను" అన్నాను.

శవం మాట్లాడేసరికి జనం పడీ పడీ నవ్వారు. ఊరేగింపు కూడా ఆగి నవ్వింది. తర్వాత అందరూ కలిసి వన్స్‌మోర్ అన్నారు.

శేషన్న అంచు దగ్గర ఆగిపోయాడు. "ఏమంటున్నరురా?" అని మెల్లగా అడిగాడు.

"వన్స్‌మోర్ అంటున్నరన్నా."

ఎత్తిన కత్తి కిందికి దించాడు. తర్వాత జనం వైపు తిరిగాడు, అంటే జనం ఉన్నారనుకున్న వైపు. పద్యం గొంతు కాదు, చేనులో పలికే గొంతుతో, "నాకు కండ్లు కనిపిస్తలెవ్వు. ఇంకోసారి చేయనీకె నాతోని కాదు. ఏమనుకోకుండ్రి" అన్నాడు. నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగుతూ వెనక్కి పోయింది. నేను లేచి ఆయన చెయ్యి పట్టుకుని పరదా వైపు నడిపించాను. ముందు వరసలో ఒక ముసలమ్మ పక్కావిడతో, "రాజును సచ్చినోడు తోల్కపోతుండు సూడు" అంది. ఆమె నవ్వలేదు.

ఇప్పటి పిల్లలకు ఈ సంగతి చెబితే, అంతా అయ్యాక పరదా వెనక ఏం మాట్లాడుకున్నారని అడుగుతారు. ఆయన కిరీటం తీసి తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మాస్టరు నా గజ్జెల వైపు చూశాడు, శేషన్న కళ్ల వైపు చూశాడు, హార్మోనియం పెట్టె మూసేశాడు.

పప్పు, అన్నం

పట్నం దవాఖానలో ఆపరేషన్ చేశారు. కుడికంటికే చేశారు. ఎడమ కంట్లో బిందు పండిపోయి, లోపల నరం చచ్చిపోయిందని డాక్టరు చెప్పాడు. రెండేళ్ల కింద వచ్చి ఉంటే రెండు కళ్లూ దక్కేవట. ఈ మాట వదిన విన్నది. నేనూ విన్నాను.

రెండు నెలలకు వాళ్ల ఊరికి చూడటానికి పోయాను. శేషన్న అద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. కుడికన్ను అద్దంలో పెద్దగా కనపడుతోంది. నన్ను దూరం నుంచే గుర్తుపట్టి, "నువ్వు గింత నల్లగుంటవారా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. వదిన అన్నం పెట్టింది. పప్పు, అన్నం, వేరుశనగ పొడి. రెండు ముద్దలు తిన్నాక ఆమె గడప దగ్గర కూర్చుని నన్ను సూటిగా అడిగింది.

"ఈరన్నా, నిజం చెప్పు. ఆ దినం బస్టాండుల నేను చెప్పమన్న మాట నువ్వు ఈయనకు చెప్పినవా?"

నేను నోరు తెరిచేలోపు శేషన్న అన్నాడు, "చెప్పిండు. కత్తి పట్టనని గూడ అన్నడు. ఒక్కసారి గాదు, ఎన్నిసార్లో అన్నడు. నేనే ఇనలె. వాన్ని ఏమనకు."

వదిన లోపలికి పోయి పప్పు గిన్నె తెచ్చి నాకు ఇంకో గంటె వేసింది. నేను తల వంచుకుని తిన్నాను. ఆ తర్వాత శేషన్న ఎనిమిదేళ్లు బతికాడు. మేం ఇద్దరం మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పక్కన ఎవరూ లేనప్పుడు కూడా ఎత్తలేదు. వేరే రాజులు వచ్చారు, వాళ్ల చేతుల్లో కూడా చచ్చాను. చేతులు ఆనించకుండానే చచ్చాను. జనం మెచ్చుకున్నారు.

శేషన్న పోయాడు గానీ వదిన ఉంది. ఆమెకు చదువు రాదు. సాయంత్రం పూట మనవరాలు పక్కన కూర్చుని ఏదో ఒకటి చదివి వినిపిస్తుందట. ఇది కూడా చదువుతుందని తెలుసు, ఆ అమ్మాయికి చేర్చమని నేనే చెప్పాను. అమ్మా, మీ నాయనమ్మకు పాము సంగతి చదువు, జపాను మనిషి సంగతి చదువు, నవ్వుకుంటుంది. తర్వాత బస్టాండు సంగతి దగ్గర "చెప్పలేదు" అని ఒక్క మాట రాశాను. దాన్ని దాటిపోకుండా, ఆమెకు వినపడేలా చదువు.